తీవ్రతలో పరాన్నజీవి జన్యువుల పాత్ర

మలేరియా ముదరడానికి రోగి బలహీనతే కారణమన్నట్లు రాసిన, ఏజెన్సీ ప్రాంతాల జ్వరాలపై వచ్చిన ఒక వ్యాసం, పరాన్నజీవి జన్యువుల ఊసే ఎత్తకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది. మలేరియా పరాన్నజీవులలో అత్యంత ప్రమాదకరమైన ఫాల్సిపారమ్‌లో దాదాపు 60 'వార్' జన్యువులు ఉంటాయి. పరాన్నజీవి సాధారణంగా ఒక సమయంలో వాటిలో ఒక్కదానినే వినియోగించుకొని, తాను చేరిన ఎర్ర రక్తకణం పైభాగాన పీఎఫ్‌ఈఎంపీ1 అనే ప్రోటీన్‌ను నిలుపుతుంది. ఆ ప్రోటీన్ సాయంతో కణం రక్తనాళాల గోడకు అతుక్కొని, పాడైన రక్తకణాలను ఏరివేసే ప్లీహానికి చిక్కకుండా తప్పించుకుంటుంది. శరీరం దానిని గుర్తుపట్టి ప్రతిరక్షకాలను తయారుచేసుకునేసరికి మరో వార్ జన్యువు రంగంలోకి దిగుతుంది. రక్తనాళాల లోపలి గోడపై ఉండే ఈపీసీఆర్ అనే గ్రాహకాన్ని పట్టుకునే రకాలకు మెదడు మలేరియాతో సంబంధం ఉన్నట్లు పరిశోధనలు చూపాయి. గర్భిణి మాయలో (ప్లాసెంటాలో) తిష్ఠ వేసే రకం వార్2సీఎస్‌ఏ; దానికి తగిన ప్రతిరక్షకాలు ముందుగా ఉండవు కాబట్టి, అంతకుముందు ఎన్నోసార్లు మలేరియాను తట్టుకున్న స్త్రీకి కూడా తొలి గర్భంలో ముప్పు ఉంటుంది.

ఇక మనిషి జన్యువుల విషయానికొస్తే, మన ఆదిలాబాద్ గోండులలో కనిపించే, ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్‌సెల్ జన్యువు తల్లిదండ్రులలో ఒకరి నుంచే సంక్రమిస్తే తీవ్ర మలేరియా నుంచి చాలావరకు రక్షణ కలుగుతుంది, ఇద్దరి నుంచీ వస్తే అదే జబ్బవుతుంది. ఉట్నూరు, ఏటూరునాగారం ఏజెన్సీ ప్రాంతాల జ్వరాల గురించి రాసేవారు కనీసం ఈ ఒక్క సంగతైనా చేర్చి ఉండవలసింది.