యుద్ధం బిల్లు ఎవరు కడతారు? కువైట్ కథ కడప నుంచి చూస్తే

2025 జూన్‌లో ఖతర్‌లో ఉన్న అమెరికా బేస్ మీద ఇరాన్ మిస్సైళ్లు వేసిన రోజు కువైట్ కూడా కాసేపు విమానాలు ఆపేసింది. టీవీలో అది కింద స్క్రోలింగ్‌లో పోయే ముక్క, రాయచోటి, రాజంపేట సైడ్ మాత్రం ఇంటింటా ఫోన్లే ఫోన్లు. ఉమ్మడి కడప జిల్లాలో కువైట్‌లో పనికి పోయినోళ్లు పంపిన దినార్లతో లేచిన మిద్దెలు చానా ఉన్నాయి మరి.

యుద్ధం ఎందుకొస్తుందంటే మతం, జాతి, నాయకుడి అహంకారం అంటారు. అవీ ఉంటాయి, కాదనను. కానీ 1990 ఆగస్టు 2న ఇరాక్‌ను ఏలే సద్దాం హుస్సేన్ కువైట్‌లోకి సైన్యాన్ని దింపడం వెనక పెద్ద కారణం అప్పు. 1980 నుంచి 88 దాకా ఇరాన్‌తో కొట్టుకుని ఇరాక్ ఖజానా ఖాళీ అయింది, తన దగ్గర తీసుకున్న అప్పు మాఫీ చేయమంటే కువైట్ ఒప్పుకోలా, పైగా కువైటోళ్లు ఆయిల్ ఎక్కువ తీసి రేటు పడగొడుతున్నారని, సరిహద్దులో ఉన్న రుమైలా ఆయిల్ బావుల్లో మా వాటా తోడేస్తున్నారని ఇంకో కోపం. ఒక యుద్ధం బిల్లు కట్టలేక ఇంకో యుద్ధానికి పోయాడన్నమాట. సుమారు 1,70,000 మంది మన దేశపోళ్లు జీతం బాకీలు, సామాన్లు అక్కడే వదిలేసి ఇంటికి రావాల్సొచ్చింది, చానామంది జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా పోయి అక్కడ విమానం ఎక్కినోళ్లే.

సీమలో ఫ్యాక్షన్ చూసినోళ్లకి గొడవ వెనక డబ్బుంటుందన్న ఈ లెక్క కొత్త కాదు. రాజీలు ఎన్ని జరగలా? ఫ్యాక్షన్ తగ్గింది రాజీల వల్లేనంటే నేను నమ్మను. పోలీసుల ఒత్తిడి ఉంది, సరే, కానీ వెంట తిరిగే కుర్రోళ్లు బెంగళూరుకో కువైట్‌కో పోయి సొంత సంపాదన చూసుకున్నాక జీపెక్కే మనుషులే దొరకలా.

కువైట్ నుంచి సద్దాం సైన్యాన్ని తరిమేశాక 1991లో ఐక్యరాజ్యసమితి ఒక మంచి పని చేసింది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ. ఇరాక్ ఆయిల్ అమ్మకాల్లో ఇంత శాతమని పట్టి నష్టపరిహారం ఇప్పించడానికి కమిషన్ పెట్టింది, కంపెనీలు, ప్రభుత్వాల కంటే ముందు మామూలు మనుషుల క్లెయిములు చూసింది, 2022 జనవరిలో చివరి కంతు కట్టేసరికి మొత్తం 5,240 కోట్ల డాలర్లు. మన కార్మికులకూ అందులో డబ్బొచ్చింది. అయితే కట్టింది సద్దాం జేబులోంచి కాదుగా, ఐక్యరాజ్యసమితి ఆంక్షల్లో మందులకు కూడా అల్లాడిన ఇరాక్ జనమే, ఆ తర్వాత 2003లో ఎక్కడా దొరకని ఆయుధాల పేరు చెప్పి అమెరికా దిగింది, అది వేరే అన్యాయం.

అయినా ఇరాక్, కువైట్ మధ్య 1993లో సరిహద్దు కొలిచి గుర్తులు పాతాక మళ్లీ యుద్ధం రాలేదు. తగాదా మాత్రం పోలా. రెండు దేశాల మధ్య ఉన్న ఖోర్ అబ్దుల్లా జలమార్గం ఒప్పందానికి ఇరాక్ ఇచ్చిన ఆమోదం చెల్లదని 2023లో ఇరాక్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, కువైట్ మండిపడింది, ఇప్పటికైతే లాయర్లు, రాయబారులే కొట్టుకుంటున్నారు.