సబ్బుపెట్టెంత డబ్బా, నాలుగు గంటల బ్యాకప్పు, నా బొంద!

నిన్న సాయంత్రం ఆరున్నరకి మా పెద్దమ్మాయి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు మీటింగులో కూర్చుంటే, నేను పక్కన నిలబడి గొడుగు పట్టాను. ముప్పావు గంట. దాని తల మీద కాదండి, ల్యాప్‌టాప్ మీద. పిల్ల తడిస్తే తుడుచుకుంటుంది, అది తడిస్తే ఉద్యోగం పోతుంది.

దీనంతటికీ కారణం వైఫై బాక్సు మీద పెట్టిన బుల్లి యూపీఎస్, అదే కరెంటు పోతే బాక్సుని నడిపించాల్సిన బ్యాటరీ డబ్బా. కిందటేడు అమలాపురంలో 1,450 పెట్టి కొన్నాం. సబ్బుపెట్టెంత ఉంటుంది. "నాలుగు గంటలు ఢోకా లేదండి మేడమ్" అన్నాడు అమ్మినాయన. నిన్న కరెంటు పోవడం, బాక్సులో లైట్లన్నీ ఆరిపోవడం ఒకేసారి. నాలుగు సెకన్లు కూడా ఆగలేదు.

కరెంటు ఎందుకు పోయిందంటారా? కొబ్బరి మట్టలు తీగలకి తగులుతున్నాయని ఎల్సీ (లైన్ క్లియర్, అంటే పని కోసం లైనులో కరెంటు ఆపడం) తీసుకున్నారట. వేసవంతా కనపడని మట్టలు చినుకు పడగానే కనపడతాయి వీళ్ళకి!

ఇన్వర్టర్ లేదా అని అడుగుతారు, తెలుసు. ఉంది. మా ఎలక్ట్రీషియన్ మహానుభావుడు దేవుడి గదిలో సీరియల్ లైట్లకి ఇన్వర్టర్ లైను ఇచ్చాడు, వైఫై ఉన్న ప్లగ్గుకి మాత్రం ఇవ్వలేదు. ఊరంతా చీకటైనా మా వెంకన్న బాబు మిలమిలా మెరుస్తూనే ఉంటాడు. సెల్‌ఫోన్ నెట్టు సంగతి సరేసరి. తోట మధ్యలో ఇల్లు, సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాల్సిందే. అందుకే ఆ గొడుగు.

ఇవాళ పొద్దున్నే డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కి షాపుకి వెళ్ళాను. బిల్లు చూశాడు. "ఏడాదే వారంటీ అండి, మీది పదమూడో నెల." ఆ నెలేంటో, అన్ని వస్తువులకీ ముహూర్తం పెట్టినట్టు పదమూడో నెలలోనే పోతాయి. పోనీ లోపల బ్యాటరీ మార్చవయ్యా అన్నాను. "మార్చడాలు ఉండవండి మేడమ్, మొత్తం కొత్తది తీసేసుకోండి. ఇప్పుడు 1,700 అయింది." పాతదాన్ని ఏం చేయాలయ్యా అంటే, "పారేయండి" అన్నాడు. లిథియం బ్యాటరీని పారేయమంటాడేంటండీ! 2022లో నిబంధనలు వచ్చాయి కదా, పాడైన బ్యాటరీల్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్ళదే అని మా అమ్మాయి చెప్పింది. అదే మాట అంటే నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది.

కొనలేదు. వెనక్కొచ్చి, చెరువుల దగ్గర ఏరేటర్ మోటార్లు బాగుచేసే కుర్రాడు మా వీధిలోనే ఉంటే వాడి దగ్గర పెట్టాను. ఆ డబ్బాకి ఒక్క స్క్రూ లేదు! మొత్తం అంటించేశారు. అంటే ఎవరూ విప్పకూడదనే కదా? వాడు స్క్రూడ్రైవర్ పెట్టి బొండం చెక్కినట్టు చెక్కితే లోపల నాలుగు సెల్స్, బొటనవేలు కన్నా కాస్త లావుగా, నీలం తొడుగులో, రెండేసి జతగా. మీటరు పెట్టాడు. ఒక జత 3.9 వోల్టులు. రెండో జత 0.8. "ఒక జత చచ్చిందండి పిన్నిగారూ, ఇంక రెండోది బాగున్నా లాభం లేదు, లోపలి బోర్డు కరెంటు కట్ చేసేస్తుంది." కాపురం లాంటిదే అన్నమాట అన్నారు మా ఆయన. నవ్వే ఓపిక నాకు లేదు.

చావడానికి కారణం కూడా చెప్పాడు. వేడి బాక్సు మీదే ఈ డబ్బా పెట్టామట, పైన రోహిణి కార్తె ఎండ, రోజంతా ఫుల్ ఛార్జింగు. లిథియంకి వేడి పడదట. ఈ ముక్క అమ్మేటప్పుడు చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది?

అన్నిటికన్నా మండించే విషయం ఇంకోటుంది. డబ్బా మీద 8000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) అని పెద్ద అక్షరాలతో వేశారా, ఆ ఎనిమిది వేలూ 3.7 వోల్టుల దగ్గర లెక్కట. బాక్సుకి కావాల్సింది 12 వోల్టులు. ఆ లెక్కన రెండున్నర వేలు కూడా రాదు. ఎనిమిది వేల కొబ్బరికాయలకి డబ్బు పుచ్చుకుని రెండున్నర వేలు లారీకెత్తితే అంబాజీపేట మార్కెట్లో ఊరుకుంటారా?

కొత్త సెల్స్ వేయడానికి టంకం పెడితే వేడికి పాడవుతాయట, క్షణంలో అతికించే స్పాట్ వెల్డింగ్ చేయాలట, ఆ మిషను వాడి దగ్గర లేదు. సరే, కాకినాడ పంపిస్తానన్నాడు. సెల్స్ 600 అవుతాయట. అవనీ. ఆ నవ్వినాయనకి మాత్రం రూపాయి ఇవ్వను.

అసలు ఈ ఖర్చు మన నెత్తిన ఎప్పుడు పడిందో తెలుసా? ల్యాండ్‌లైన్ పోయి ఫైబర్ వచ్చాక. ఫైబర్ తీగలో వెలుతురే వస్తుంది, కరెంటు రాదు. మధ్యలో స్తంభాల మీద కూడా కరెంటు అక్కర్లేదని కేబుల్ అబ్బాయి చెప్పాడు, వాళ్ళ ఆఫీసులో ఉండాలి, మనింట్లో ఉండాలి, అంతే. అంటే నిన్న కూడా నెట్టు మా గోడ దాకా వచ్చే ఉంటుంది, అందుకునే దిక్కు లేదు. పాత ల్యాండ్‌లైన్ అలా కాదు. ఎక్స్ఛేంజీలో పెద్ద బ్యాటరీలుండేవి, ఆ రాగి తీగలోనే 48 వోల్టులు పంపేవాళ్ళు. ఇంట్లో దీపం లేకపోయినా ఫోను మోగేది. 1996 తుపానులో స్తంభాలే పడిపోయాయి, అది వేరే సంగతి.

ఆ ల్యాండ్‌లైన్ తీసేయించినప్పుడు డిపాజిట్ తిరిగిస్తామన్నారు. రిసీవరు అప్పగించాను, అర్జీ రాశాను, నాలుగుసార్లు తిరిగాను. ఒరిజినల్ రసీదు తెమ్మన్నారు. 1999 నాటి రసీదండీ! బీరువాలో పట్టుచీరల కింద దొరికింది, తీసుకెళ్తే ఆ సీటాయన బదిలీ అయిపోయాడట. రసీదు ఇప్పటికీ ఆ చీరల కిందే ఉంది.

మీలో ఎవరికైనా ఆ డిపాజిట్ వచ్చిందా? వస్తే మాత్రం దయచేసి నాకు చెప్పకండి, ఇవాళ్టికి మండింది చాలు.