పువ్వు కనిపిస్తే సౌకుమార్యమేనా?

పాత ప్రింటులో, అంటే చెక్కిన పలకతో అచ్చేసిన బొమ్మలో, స్త్రీ పక్కన పువ్వు కనిపిస్తే చాలు, ‘సౌకుమార్యానికి ప్రతీక’ అని రాసేస్తాం. పువ్వుకో అర్థం చొప్పున పేర్చిన జాబితాలు ఎక్కువగా 19వ శతాబ్దపు సరుకు. వాటిని పట్టుకుని అంతకు ముందటి చిత్రకారిణుల బొమ్మలు చదవడం పొరపాటు. వాళ్ల దగ్గర పువ్వు చాలాసార్లు కంసాలి ముందున్న కుంపటిలాంటిది, చేసే పనిని చెబుతుంది.

పురుగుల్నీ మొక్కల్నీ గీసిన చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ (1647–1717) రూపాన్ని అల్లుడు గేయోర్గ్ గ్సెల్ గీస్తే, యాకోబస్ హౌబ్రాకెన్ రాగి పలక మీద చెక్కాడు. అందులోని మొక్క అలంకారం కాదు. దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లొచ్చి, అక్కడి పురుగులు, మొక్కల బొమ్మలతో 1705లో 60 పలకల పుస్తకం వేసిన మనిషి ఆమె. మన పెరళ్లలో పూసే రత్నగంధి అందులో ఉంది. తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని అక్కడి బానిస స్త్రీలు దాని గింజలతో గర్భం పోగొట్టుకునేవారని మేరియన్ రాసింది. ఇందులో సౌకుమార్యం ఎక్కడుంది?

ప్రింటు చూసేటప్పుడు ముందు అడుగున ఉన్న పేర్లు చదవండి. ‘డెలినియావిట్’ అంటే గీసినవారు, ‘పింక్సిట్’ అంటే రంగుల్లో చిత్రించినవారు, ‘స్కల్ప్‌సిట్’ అంటే చెక్కినవారు. పువ్వును అక్కడ పెట్టింది ఎవరో కొంతైనా తెలుస్తుంది. పలక మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది. చెక్కేవాడు మూలాన్ని ఉన్నదున్నట్టు దింపితే కుడిచేతి కుంచె ఎడమచేతికి పోతుంది, కాబట్టి ఏ చేత్తో పువ్వు పట్టుకుందన్న దాని మీద సిద్ధాంతాలు కట్టొద్దు. రంగునీ అంత తేలిగ్గా నమ్మొద్దు. నల్ల సిరాతో అచ్చయిన బొమ్మకు ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మకందారు ఎవరో పులిమించిన ఎరుపు కావచ్చు.

బొమ్మ ఇలా తిరగబడడాన్నే మేరియన్ వాడుకుంది. సిరా ఆరని అచ్చు మీద మరో కాగితం వేసి నొక్కితే బొమ్మ మళ్లీ సరైన దిక్కుకు వస్తుంది. గీత లేతబడుతుంది, పలక అంచు ముద్ర పడదు. దానిమీద రంగులు వేస్తే చేత్తో గీసినట్టే ఉంటుంది.

ఇక మేరీ మోసర్. 1768లో లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ స్థాపకుల్లో ఉన్న ఇద్దరు స్త్రీలలో ఒకరు, పూల చిత్రకారిణి. చిత్రకారుడు జోఫనీ వేసిన సభ్యుల బృందచిత్రాన్ని రిచర్డ్ ఎర్లమ్ 1773లో మెజోటింట్‌గా (పలకంతా గరుకు చేసి, వెలుగు కావలసిన చోట నున్నగా గీకి అచ్చేసే పద్ధతిలో) తెచ్చాడు. అందులో మగవాళ్లంతా నగ్న మోడల్ చుట్టూ ఉన్నారు. స్త్రీలు ఆ గదిలోకి రాకూడదు గనుక మోసర్, ఏంజెలికా కౌఫ్‌మన్ గోడ మీద పటాలయ్యారు. మెజోటింట్ పలక త్వరగా అరుగుతుంది, నలుపు బూడిదరంగుకు దిగుతుంది. ఆలస్యంగా తీసిన ప్రతి చూసి ఆ ముఖాల్లో భావాలు వెతక్కండి.

పూలు గీయడం ఆడవాళ్ల కాలక్షేపం అనేవారికి ఒక లెక్క: విండ్సర్ దగ్గరి ఫ్రాగ్‌మోర్ హౌస్‌లో ఒక గదికి పూలు చిత్రించినందుకు షార్లెట్ రాణి మోసర్‌కు 900 పౌన్లకు పైగా చెల్లించింది.