బొగ్గుబాయికి ఎదురు వలస

బతుకుదెరువుకు మూడు దారులని ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఓ మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఒకటి ఇంటికి దగ్గర, ఒకటి రైలు దూరం, ఒకటి విమానం దూరం. మూడింటికీ మనవాళ్లే పోయేవారు. ఇప్పుడు మొదటి దారిలో ఎదురు నడక సాగుతోంది. ఓపెన్‌కాస్టు (పైనుంచి తవ్వే) గనుల్లో మట్టి ఎత్తే షావెళ్ల మీద, డంపర్ల మీద, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ యంత్రాల దగ్గర ఝార్ఖండ్, బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ మనుషులు కనిపిస్తున్నారు. కొన్ని నెలల పని, తర్వాత ఇంకో రాష్ట్రం, ఇంకో గని. జగిత్యాలలో మన కుర్రాడు పాస్‌పోర్టు పట్టుకొని ఏజెంటు ఆఫీసు మెట్లెక్కే రోజునే రామగుండం స్టేషన్లో వాళ్లు సంచులు భుజాన వేసుకొని దిగుతున్నారు.

బొగ్గు పట్టణాల్లో దీని మీద కోపం ఉంది. ‘భూములు మావి, దుమ్ము మాకు, కొలువులు బయటోళ్లకా?’ అని ఓబీ (బొగ్గు మీది) మట్టి తీసే కాంట్రాక్టర్ల గేట్ల ముందు నిర్వాసిత గ్రామాల యువకులు అడుగుతున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పాల్సింది మాత్రం సంచీతో దిగినవాడు కాదు, అతన్ని పిలిపించినవాడు. మా పేచీ అక్కడే.

ముందు ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుందాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మనెంటు కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. అయినా 2023-24లో కంపెనీ 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. మనుషులు తగ్గి బొగ్గు పెరిగిందంటే ఆ లోటు పూడ్చింది యంత్రమూ, కాంట్రాక్టూ. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టి తీసే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లదే. మట్టి కదలకపోతే బొగ్గు కదలదు, బొగ్గు కదలకపోతే మంచిర్యాల జిల్లా జైపూర్‌లో, రామగుండంలో, భూపాలపల్లిలో టర్బైన్లు తిరగవు. టెండరు ఖాయమైన నెలకే వందమంది ఆపరేటర్లు కావాలంటే, ధన్‌బాద్‌లోనో సింగ్రౌలిలోనో తాల్చేరులోనో పదేళ్లు డంపరు తోలినవాడు దొరకడం కంపెనీకి కలిసొచ్చే సంగతే. ఊరికీ కలిసొస్తుంది. భూగర్భ గనులు మూతపడి, క్వార్టర్లు పాడుబడి, సాయంత్రమైతే బోసిగా కనిపించే బెల్లంపల్లి లాంటి ఊళ్లను చూసినవాళ్లకు, గోదావరిఖనిలో వెనక గది అద్దెకు పోవడం విలువేమిటో తెలుసు.

నిజానికి ఇక్కడ బొగ్గు తవ్వే విద్యే బయటి నుంచి వచ్చింది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన విలియం కింగ్ బయటివాడు. 1889లో తవ్వకం మొదలుపెట్టిన కంపెనీ ఇంగ్లండులో రిజిస్టరైంది. బొగ్గుట్ట అని జనం పిలిచే ఆ ఇల్లెందు నుంచి కొత్తగూడెం, బెల్లంపల్లి దాకా ఇంట్లో హిందీ, వీధిలో తెలుగు మాట్లాడే పాత కార్మిక కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల తాతలు వచ్చారు, ఉండిపోయారు. బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ (పార) పట్టినవాళ్లు పని చూసే సర్దార్లయ్యారు, మందు పేల్చే షాట్‌ఫైరర్లయ్యారు, వాళ్ల పైన ఓవర్‌మన్లయ్యారు. పక్కనున్న మనవాళ్లకు నేర్పారు, మనవాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఇవాళ వస్తున్నవాళ్లను ఉండనివ్వడం లేదు. పాతకాలపు వలసకూ ఇప్పటి వలసకూ తేడా ఇదే.

ఉండటానికీ నేర్పడానికీ సంబంధమేమిటంటారా? బాయిలో పాత కార్మికుడు పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చూస్తాడు. గణగణమని మోగితే రాయి గట్టిది. డప్పు కొట్టినట్టు మోగితే లోపల పొర విడిపోయిందని లెక్క. ఆ రెండు మోతల మధ్య తేడా ఏ పుస్తకంలో చదివినా చెవికి పట్టదు. పెద్దాయన పక్కన నిలబడి ఒక వేసవి, ఒక వానాకాలం గడిపితే పడుతుంది. ఇది నైపుణ్యం. అడ్రియాల భూగర్భ గనిలో లాంగ్‌వాల్ యంత్రం వచ్చినప్పుడూ అంతే. వందల అడుగుల లోతున బొగ్గును చెక్కే కట్టరును, పైకప్పును మోసే జాకీలను నడపడం తెలిసినవాళ్లు కొంతకాలం మన వాళ్ల పక్కన నిలబడక తప్పదు. అలాంటి మనిషి ఎక్కడివాడైనా రావాలి, మంచి జీతం తీసుకోవాలి. అతను వెళ్లేనాటికి ఆ సీట్లో మందమర్రి పిల్లవాడో మంథని పిల్లవాడో కూర్చోగలగాలి. అది జరిగినప్పుడే వచ్చినవాడి వల్ల లాభం పూర్తవుతుంది.

మరి డంపరు సంగతి? వంద టన్నుల బండిని వానలో, బురదలో, గని అంచున తిప్పడం చిన్న విద్య కాదు. అయినా కొన్ని నెలలు పక్క సీట్లో కూర్చోబెడితే ట్రాక్టరు తోలిన మన కుర్రాళ్లు నేర్చుకోలేనిదీ కాదు. ఎందుకు కూర్చోబెట్టరు? కాంట్రాక్టర్లు బయటికి చెప్పే జవాబు నైపుణ్యం. టీ కొట్టు దగ్గర వినిపించే జవాబు వేరు. ఇక్కడి కుర్రాడు మేడారం జాతరకు సెలవు అడుగుతాడు. అక్క పెళ్లికి మూడు రోజులు, తాత పెద్దకర్మకు ఒక రోజు అడుగుతాడు. పన్నెండు గంటల డ్యూటీ అంటే యూనియన్ నాయకుడికి ఫోన్ చేస్తాడు. గేటు దగ్గర గొడవైతే ఊరు ఊరంతా వస్తుంది. ఝార్ఖండ్‌లోని పలామూ నుంచి వచ్చినవాడికి ఇక్కడ జాతరా లేదు, చుట్టమూ లేడు, ఓటూ లేదు. నైపుణ్యం పేరు పెట్టి కొన్నిచోట్ల కొంటున్నది ఈ ఊరులేనితనాన్ని. ధర చాలా తక్కువ, మరి.

ఆ ధర ఎంతో చూడాలంటే ఓపెన్‌కాస్టుకు దగ్గరున్న ఏ బస్తీలోనైనా వెనక గదిలోకి తొంగిచూడండి. ఆరు మంచాలు, పన్నెండు మంది. మొదటి పాళీవాడు లేచిన పరుపు మీదే రాత్రి పాళీవాడు ఒరుగుతాడు, అది చల్లారేలోపే. మూలన అయిదు కిలోల గ్యాస్ సిలిండరు, దాని మీద ఆలుగడ్డ కూర. దండెం మీద మెరిసే పట్టీల పచ్చ జాకెట్లు వరసగా, ఏది ఎవరిదో గుర్తు లేదు. గోడకు తెలుగు క్యాలెండరు, ఇంటివాళ్లు ఇచ్చింది. దాని మీద ఊరికి పోయే రైలు తేదీ చుట్టూ పెన్నుతో సున్నా. ఆ గదిలో తెలుగు చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. పొద్దున వాళ్లు పనికి వెళ్లే చోట బ్లాస్టింగు హెచ్చరిక బోర్డు ఉండేది తెలుగులో.

భాష గురించి మేం పట్టుబట్టడానికి కారణం ఉంది. గనిలో ప్రమాదానికీ ప్రాణానికీ మధ్య ఉండేది చాలాసార్లు ఒక్క కేక. ‘జరుగు’ అన్న మాట అర్థం కావడానికి రెండు క్షణాలు ఎక్కువ పడితే చాలు. కాంట్రాక్టు మనిషి, అతను ఇక్కడివాడైనా బయటివాడైనా, ఎంత ప్రమాదం అంచున పనిచేస్తాడో ఈ ప్రాంతం కళ్లారా చూసింది. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడు పదార్థం నింపుతుండగా నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాలలో పైకప్పు కూలినప్పుడు అధికారులతో పాటు ఒక కాంట్రాక్టు కార్మికుడూ పోయాడు.

శ్రీశైలం ఎడమగట్టు సొరంగం ప్రమాదాన్ని ఇంకా మరిచిపోలేం. 2025 ఫిబ్రవరి 22న సొరంగం పద్నాలుగో కిలోమీటరు దగ్గర కూలినప్పుడు లోపల చిక్కుకున్నవాళ్లు ఎనిమిది మంది. నలుగురు ఝార్ఖండ్ వాళ్లు, ఇద్దరు ఉత్తరప్రదేశ్, ఒకరు పంజాబ్, ఒకరు జమ్మూకశ్మీర్. ఇంజినీర్లు, యంత్రం నడిపేవాళ్లు, కార్మికులు. మన నేల కింద మన నీళ్ల కోసం పని చేస్తున్న ఆ ఎనిమిది మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. వాళ్ల కోసం మోకాలి లోతు బురదలోకి వెళ్లినవాళ్లలో సింగరేణి రెస్క్యూ దళాలు ముందున్నాయి. రోజులు, వారాలు తవ్వారు. ఇద్దరి మృతదేహాలే బయటికి వచ్చాయి. ఆ రోజుల్లో మన రెస్క్యూ మనిషి ఎవరినీ ‘బయటోడా’ అని అడగలేదు.

ఇక లెక్కలోకే రాని ఖర్చు ఊపిరితిత్తులది. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ రాయి దిమ్మెలుగా కాకినాడ రేవుకు పోయి, అక్కడి నుంచి చైనాకు ఓడెక్కుతుంది. రాయి తొలిచేటప్పుడు లేచిన దుమ్ము మాత్రం తొలిచినవాడితో పాటు అతని ఊరికి పోతుంది. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ జబ్బు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. గని నిబంధనల ప్రకారం కార్మికుడికి అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష ఉండాలి. ఎనిమిది నెలలకు పెట్టె సర్దుకునేవాడికి ఆ అయిదో ఏడు ఏ గనిలో వస్తుంది? దక్షిణాఫ్రికా బంగారు గనులు లెసోతో, మొజాంబిక్ కూలీలతో సరిగ్గా ఇలాగే దశాబ్దాలు నడిచాయి. దగ్గుతో ఊరికి పోయినవాళ్లు అక్కడే పోయారు. కోర్టుకెక్కితే, 2019లో 500 కోట్ల ర్యాండ్ల పరిహారానికి జోహన్నెస్‌బర్గ్ హైకోర్టు ఆమోదముద్ర వేసింది. చవకగా వచ్చిన చేతుల బిల్లు అంత ఆలస్యంగా, అంత పెద్దదిగా వచ్చింది.

చట్టం లేదా అంటే, ఉంది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం ఫొటోతో పాస్‌బుక్కు ఇవ్వమంది, కార్మికుడికి తెలిసిన భాషలో రాయమంది, ఊరు విడిచి వచ్చినందుకు సగం నెల జీతం భత్యంగా ఇవ్వమంది. ఆ పాస్‌బుక్కును మన గని పట్టణాల్లో ఎంతమంది చూశారో వాళ్లనే అడగాలి. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి సొంతంగా వచ్చినవాళ్లనూ వలస కార్మికులుగా గుర్తించింది, అది మంచిదే. అయితే ఆ భత్యాన్ని ఎత్తేసింది. పైగా నెలకు 18 వేల రూపాయలు దాటి జీతం తీసుకునేవాడు ఆ నిర్వచనంలోకే రాడు. అంటే పని వచ్చినవాడు, అనుభవం ఉన్నవాడు, ఏ నైపుణ్యం పేరు చెప్పి పిలిపించారో ఆ నైపుణ్యం ఉన్నవాడే చట్టం దృష్టిలో వలస కార్మికుడు కాడు! ఈ పరిమితిని పెంచే అధికారం కేంద్రానికి ఉంది. మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సిన చిన్న ప్రశ్న ఇది.

స్థానికులకు ఇంత శాతమని చట్టం చేస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. హర్యానా 75 శాతమని చేసింది, 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోర్టులో నిలిచినా ఆ దారి మనకు నప్పదు. ప్రతి రాష్ట్రమూ అలా గేటు వేసుకుంటే పుణెలో, సూరత్‌లో, భివండిలో ఉన్న మన పద్మశాలీలు ఎక్కడికి పోవాలి? గల్ఫ్‌లో ఆకామా (నివాస అనుమతి కార్డు) చేతికివ్వని యజమానిని తిట్టే నోటితోనే, ఇక్కడ గేటు పాసు తన దగ్గరే పెట్టుకునే కాంట్రాక్టరును వెనకేసుకురాలేం. గల్ఫ్‌లో చనిపోయిన మన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. ఇవ్వాల్సిందే. ఇక్కడి మట్టిలో పోయిన ఝార్ఖండ్ మనిషి ఇంటికి ఎవరు ఏమిస్తారన్నది మాత్రం ప్రతిసారీ శవపేటిక పక్కన నిలబడి బేరమాడుకునే సంగతిగానే మిగిలింది.

శాతాల కన్నా జీతం పనిచేస్తుంది. 2024 లాభాల వాటాలో సింగరేణి పర్మనెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు అందితే, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు అందింది. కాంట్రాక్టు వాళ్లకు ఎంతో కొంత ఇవ్వడం అదే మొదటిసారి కాబట్టి మెచ్చుకుందాం, ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం కూడా మానొద్దు. ఒకే సీటుకు ఒకే జీతం, ఎనిమిది గంటల పాళీ, వారానికో సెలవు టెండరులోనే రాసి, బిల్లు చెల్లించేముందు కార్మికుడి బ్యాంకు ఖాతా చూస్తే చాలు, ఊరులేనితనానికి గిరాకీ దానంతటదే పడిపోతుంది. అప్పుడు కూడా కాంట్రాక్టరు ధన్‌బాద్ నుంచే మనిషిని తెచ్చుకుంటే, అతని దగ్గర నిజంగానే మనకు లేని విద్య ఉందన్నమాట. అలాంటివాడికి ఇద్దరు స్థానిక అప్రెంటిస్‌లను జతచేయాలి. నేర్పినందుకు అతనికి అదనంగా ఇవ్వాలి, ఊరికే నేర్పమంటే ఎవరు నేర్పుతారు? కొత్తగూడెంలో, మంథనిలో మైనింగు చదివిన పిల్లలు ప్రతి ఏటా బయటికి వస్తున్నారు. వాళ్లకు పట్టా ఉంది, సీటు అలవాటు లేదు. ఐటీఐ పిల్లలకూ అదే కొరత.

శిక్షణ లేకుండా ఎవరినీ గనిలోకి దింపకూడదని 1966 నుంచి నిబంధన ఉంది. శిక్షణ అతనికి అర్థమయ్యే భాషలో ఉందా అన్నది గనుల భద్రతా అధికారులు తనిఖీలో అడగాలి. పెద్ద ఖర్చేమీ కాదు. 2025 ఏప్రిల్‌లో సింగరేణి ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనీ బ్లాకులో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. ఏటా కోటి టన్నుల గని. అక్కడ బయటివాళ్లు మనవాళ్లే. ‘భూములు మావి, కొలువులు తెలుగోళ్లకా?’ అని అక్కడి కుర్రాళ్లు అడిగితే ఇక్కడి గేటు ముందు వినిపించే ప్రశ్నే ఒడియాలో వినిపించినట్టు. వాళ్లను పనిలో పెట్టుకోవాలంటే కంపెనీ ఎలాగూ ఒడియాలో భద్రతా పాఠాలు తయారుచేయించాలి. ఆ పుస్తకాలు కొన్ని కట్టలు ఎక్కువ అచ్చేయించి రామగుండం, భూపాలపల్లి శిక్షణ కేంద్రాలకు పంపమని అడుగుతున్నాం. వాటిని చదువుకోవాల్సినవాళ్లు ఇక్కడా ఉన్నారు, వెనక గదుల్లో.