పూడిక కాపాడిన ఊరు: హోయ్ ఆన్‌లో ఒక పూట

మనవాళ్ల వియత్నాం టూరులో హోయ్ ఆన్‌కు దక్కేది ఒక సాయంత్రం. పగలంతా బానా హిల్స్‌లో రాతి చేతులు మోసే బంగారు వంతెన మీద ఫొటోలు దిగుతారు. చీకటి పడే వేళకు దనాంగ్ నుంచి 30 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడ వాలతారు. రంగు లాంతర్లు, పడవ షికారు, నీళ్లలో వదిలే కాగితం దీపం, మళ్లీ బస్సు. టూరు భాషలో ఊరు 'కవర్' అయిపోయింది.

ఒక్క పూటే ఉండటాన్ని నేను తప్పుపట్టను. సెలవులు దొరకడమే గగనం. నా తగాదా ఆ వేళతోనే. రాత్రి 7 గంటలకు అక్కడ ఊరు కనబడదు, జనం కనబడతారు. అదే పూటను పొద్దున పెట్టుకుంటే, దుకాణాలు తలుపులు తీయకముందు, పసుపుపచ్చ గోడల మధ్య నడుస్తూ ఒక ప్రశ్న వేసుకోవచ్చు. ఇన్ని యుద్ధాలు చూసిన దేశంలో ఈ ఊరు ఇంత చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది?

జవాబు పక్కనే ఉన్న తూబోన్ నదిలో ఉంది. 16, 17 శతాబ్దాల్లో జపాన్, చైనా, డచ్చి ఓడలు ఇక్కడికి వచ్చేవి. పట్టు, పింగాణీ, మిరియాలు చేతులు మారేవి. 1635లో జపాన్ తన ప్రజలు విదేశాలకు వెళ్లడాన్ని నిషేధించడంతో ఇక్కడి జపాన్ వాడ క్రమంగా పలుచబడింది. చైనా వర్తకులు మిగిలారు. తర్వాత నది పూడిపోయింది, ఓడలు పెద్దవయ్యాయి, వ్యాపారం దనాంగ్‌కు తరలిపోయింది. డబ్బు పోయిన ఊళ్లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేవాడు ఎవడు? అలా మిగిలిన ఊరికి 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఈ కథ మనకు కొత్తేమీ కాదు. మచిలీపట్నం కూడా డచ్చివాళ్లూ ఇంగ్లిషువాళ్లూ పోటీపడి వర్తకం చేసిన రేవే. అక్కడా ఇసుక మేటలు వేసింది. దానికితోడు 1864 తుపాను ఊరిని ఊడ్చేసింది. పూడిక అన్ని ఊళ్లనూ కాపాడదు మరి.

హోయ్ ఆన్ పాత ఇళ్లను చూస్తే వ్యాపారం తీరు అర్థమవుతుంది. ముఖద్వారం ఇరుకు, లోపల రైలు పెట్టెలా పొడవు. ఒక కొస వీధిలో, అక్కడ దుకాణం. రెండో కొస నది వైపు, అక్కడ పడవ నుంచి సరుకు దిగేది. మధ్యలో వెలుతురు కోసం తెరిచి ఉంచిన వాకిలి, అచ్చం మన మండువా ఇల్లులా. టికెట్ మీద కొన్ని కట్టడాలే చూడనిస్తారని బాధపడనక్కర్లేదు. ఒక పాత ఇల్లు, ఫుజియన్ వర్తకుల సంఘ భవనం చాలు. ఆ భవనంలో కొలిచేది సముద్రాన్ని కాచే దేవతను. ఎవరి భయం వాళ్ల దేవుడిలో కనిపిస్తుంది.

ఇక జపాన్ వంతెన. 20,000 డాంగ్‌ల నోటు మీద ఉండేది ఇదే. మరమ్మతులు చేసి 2024 ఆగస్టులో తెరిస్తే, రంగు మరీ కొత్తగా ఉందని గోల చేశారు. నాకైతే ఆ గోల అన్యాయంగా తోచింది. కట్టినరోజున అది కొత్తదే కదా!

అదే పూటలో 'మీ సాన్' అనే చోట ఉన్న పాత శివాలయాలను కూడా ఇరికించే ప్యాకేజీలున్నాయి. అది మాత్రం వద్దు. ఒకప్పటి చంపా రాజ్యంలో ఈ ప్రాంతం పేరు అమరావతి. 1969లో అమెరికా బాంబులకు కూలిన గోపురాలు, మన పురావస్తు శాఖ మరమ్మతు చేసిన ఆలయాలు అక్కడ ఉన్నాయి. దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

శాకాహారులకు ఒక మాట. బోర్డు మీద 'చాయ్' అని పలికే మాట కనిపిస్తే అది టీ కాదు, మాంసం లేని భోజనం.

బయటికొచ్చే ముందు పాత ఇంటి గోడ మీద గీతలు చూడండి. ఏ ఏడాది వరద ఎంతెత్తు వచ్చిందో గుర్తులవి. ఓడలను దూరం చేసిన నది ఇప్పటికీ వానాకాలం చివర వీధుల్లోకి వస్తుంది. కొన్ని ఇళ్లలో సరుకును మేడమీదికి లాగడానికి పైకప్పులో కంత ఉంటుంది. ఒకప్పుడు అందులోంచి పైకి వెళ్లింది రేవు సరుకు. ఇప్పుడు వరదొస్తే మేడెక్కేది టూరిస్టుల కోసం పెట్టుకున్న లాంతర్లు, బట్టల తానులు.