సవరణ: అసర్ట్‌త్రోస్ సబ్‌క్లాస్‌నూ ఒప్పుకుంటుంది

జావా కోడ్‌ని పరీక్షించే జేయూనిట్‌తో పిన్‌కోడ్ వ్యాలిడేషన్ టెస్టులు రాయడంపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో “చెప్పిన ఎక్సెప్షన్ వస్తేనే అసర్ట్‌త్రోస్ పాస్” అని ఉంది. నిజానికి ఆ ఎక్సెప్షన్ (కోడ్ విసిరే ఎర్రర్) సబ్‌క్లాస్, అంటే దాని కిందికొచ్చే రకం, వచ్చినా పాసే.

తిరకాసంతా ఇక్కడే. మాదాపూర్ పిన్ 500081లో సున్నా బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పడితే, టెక్స్ట్‌ని సంఖ్యగా మార్చే పార్స్‌ఇంట్ నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ విసురుతుంది. అది ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్‌కి సబ్‌క్లాస్. టెస్టు ఆశించేది ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్ అయితే, మీరు రాసిన చెక్ మొత్తం పీకేసినా టెస్టు పచ్చగానే ఉంటుంది. జేయూనిట్ 5.8 నుంచి ఉన్న అసర్ట్‌త్రోస్‌ఎగ్జాక్ట్‌లీ వాడండి. లేదంటే చేతికొచ్చిన ఎక్సెప్షన్ మెసేజ్ కూడా సరిచూడండి. 5 అంకెల 50008తో ఇంకో టెస్టు తప్పనిసరి: దాన్ని పార్స్‌ఇంట్ హాయిగా మింగేస్తుంది, ఆపాల్సింది మీ చెక్కే. అన్నట్టు, జావాలో ౫౦౦౦౮౧ ఇచ్చినా పార్స్‌ఇంట్‌కి అభ్యంతరం లేదు, 500081 అనే చదువుతుంది. అసర్ట్‌త్రోస్‌కి ఇచ్చే లాంబ్డాలో (చిన్న కోడ్ ముక్కలో) పరీక్షించే కాల్ ఒక్కటే ఉంచి, ఆబ్జెక్టు తయారీ బయట పెట్టండి.