పర్లాకిమిడి స్టీరియో పరిరక్షణకు కొన్ని సూచనలు

ఒడిశాలో ఉన్న మా గజపతి జిల్లాలో కలెక్టరుగారికి ఇంతవరకూ వినతిపత్రం ఇవ్వని వర్గం ఒక్కటే మిగిలింది. తాగునీటి కోసం ఇచ్చారు, రోడ్ల కోసం ఇచ్చారు, తెలుగు చెప్పే పంతుళ్ల కోసం ఇచ్చారు. పాత రిసీవర్లూ (రేడియో, శబ్దం పెంచే యాంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉండేవి) పాత స్పీకర్లూ వెతికి తెచ్చి ఇంట్లో స్టీరియో కట్టుకుంటున్న పెద్దమనుషులు మాత్రం నోరు విప్పలేదు. వీధికి ఒకరో ఇద్దరో ఉంటారు గనక ఏ పార్టీకీ పనికిరారు. వాళ్ల అవస్థ చూస్తూ ఊరుకోలేక, ఎవరూ అడక్కపోయినా, వాళ్ల తరఫున నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ పోవాలి. వీళ్లు పాటలు వినడానికే ఇంత ఖర్చు పెడుతున్నారని చుట్టాలు నమ్ముతుంటారు. పాట వినాలంటే ఫోనుంది కదా. వీళ్లకి పాట అనేది పరీక్ష సామగ్రి మాత్రమే. పల్లవి అయ్యేలోగా "కుడి ట్వీటరు కాస్త మందగించింది" అంటూ లేస్తారు. ట్వీటరంటే సన్నని శబ్దాలు పలికే బుల్లి స్పీకరు. వైరు విప్పుతారు, ఊదుతారు, మళ్లీ బిగించి మొదటి నుంచి పెడతారు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలకి పాటలో రెండో చరణం కూడా ఉంటుందన్న సంగతి పెళ్లయి అత్తవారింటికి వెళ్లాకే తెలుస్తుంది.

ఇక వాట్ల విషయం. యాంప్లిఫయరు మీద నోటికొచ్చిన అంకె వేయకుండా, శక్తిని ఎలా కొలిచి చెప్పాలో అమెరికాలో 1974లో నిబంధన పెట్టారు. నిజమే చెప్పాలన్నారు గనక జపాన్ కంపెనీలు నిజాన్నే పెంచుకుంటూ పోయాయి. 1976లో పయొనీర్ ఎస్‌ఎక్స్-1250 రిసీవరు ఛానెల్‌కి (అంటే ఒక్కో పక్క స్పీకరుకి) 160 వాట్లతో వస్తే, 1978లో అదే కంపెనీ ఎస్‌ఎక్స్-1980 ఛానెల్‌కి 270 వాట్లతో దిగింది. బరువు 35 కిలోల పైచిలుకు. మన బజార్లో అయితే ఆ బాధ లేదు. చంకలో పట్టే టేప్‌రికార్డరు మీద కూడా పీఎంపీవో (రెప్పపాటు గరిష్ఠ శక్తి) అని చెప్పి వేల వాట్ల స్టిక్కరు అంటించేవారు. దాని లోపల ఉండేవి ఆరు బ్యాటరీలు.

ఇంతకీ ఇంటికి ఎంత కావాలి? మామూలు స్పీకరుకి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ (శబ్దం మోతకి కొలత) దాకా పలుకుతుంది. అంటే గొంతు పెంచితే తప్ప పక్కవాళ్లతో మాట్లాడలేనంత మోత. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి 270 వాట్లలో ఒకటి పాటకి, తక్కిన 269 పరువుకి. పరువుకి ఇంత అవసరమా అని అడిగేవాళ్లు మన వైపు పెళ్లిళ్లు చూసి ఉండరు.

ఈ మధ్య ఒక ఇంట్లో జరిగిన సంభాషణ చెబుతాను.

"వినపడుతోందా అల్లుడూ, ఆ వెచ్చదనం? ఇప్పటి సెట్లలో ఉండదు."

"తెలుస్తోంది మావయ్యా. మూత మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను."

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఆ ఊళ్లో ఆ వేళప్పుడు వెచ్చదనం కోసం డబ్బు పోసిన మనిషి ఆయనొక్కడే.

ఇప్పుడు మెకానిక్కు దగ్గరికి వెళదాం. ఇది అసలు సంక్షోభం. బ్లాక్ అండ్ వైట్ టీవీల కాలం నుంచి సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్లలో ఇంకా కొట్టు నడుపుతున్నవాళ్లు బహు తక్కువ, వాళ్లు కూడా ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముకుంటున్నారు. అలాంటి ఒకాయన రిసీవరు మూత తీసి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది సంగీతం కాదు బాబూ, కెపాసిటర్ల ఏడుపు. ఎండిపోనాయి" అన్నాడు. నిజమే. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లది, దాన్ని డీసీగా మార్చేచోట ఆ ఊపు రెట్టింపవుతుంది, దాన్ని నునుపు చేసే పెద్ద కెపాసిటర్లు ఎండిపోతే 100 హెర్ట్‌జ్ దగ్గర ఒక బొంగురు శ్రుతి పాటంతా వెంటాడుతుంది. ఆ శ్రుతినే తంబురా అనుకుని మూడు నెలలు మురిసిపోయిన భక్తుడు కూడా మనలో ఉన్నాడు.

మూత తీసిన సెట్టుని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. వంద వాట్ల ఫిలమెంటు బల్బుతో సిరీస్ లాంప్ కట్టి, దాని ద్వారా కరెంటు ఇవ్వాలి. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఆ పనికి రాదు. 2015లో చవగ్గా ఎల్‌ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం మొదలయ్యాక ఇంటింటికీ ఎల్‌ఈడీలు వచ్చాయి, కరెంటు బిల్లు తగ్గింది, దేశం బాగుపడింది. ఈ గొడవలో స్టీరియో సోదరుల గతి ఏమిటని ఒక్క అధికారీ ఆలోచించలేదు. ఫిలమెంటు బల్బు కోసం ఒక రిటైర్డు ఇంజనీరుగారు సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు వెళ్లి, కోళ్లఫారం వాళ్లని బతిమాలి, కోడిపిల్లలకి వెచ్చదనం ఇస్తున్న బల్బొకటి తెచ్చుకున్నారు. ఒక రాష్ట్రం కోడిపిల్లలు చలికి వణికితే తప్ప ఇంకో రాష్ట్రం రిసీవరు మోగని పరిస్థితి వచ్చింది. అంతర్రాష్ట్ర మండలి దీన్ని పరిశీలించాలి.

స్పీకర్ల సంగతి క్లుప్తంగా. కోన్ (ఊగి శబ్దం చేసే గరాటు) చుట్టూ ఫోము అంచు ఉన్న పాత స్పీకర్లలో ఆ ఫోము పదిహేను ఇరవై ఏళ్లకే పొడి రాలుతుంది. తేమకి ఇంకా తొందరగా. రబ్బరు అంచు, గుడ్డ అంచు అయితే చాలాకాలం నిలుస్తాయి. అయినా మనవాళ్లు ఫోముదే కొని, దాన్ని వేలితో నొక్కి చూసి, వేలు లోపలికి దిగాక "ఒరిజినలే!" అని సంతోషిస్తారు. పెట్టె చెక్కని చెదలు అంతకు ముందే పరీక్షించి ఉంటాయి.

ఇప్పుడు అన్నిటికంటే క్లిష్టమైనది. 1931లో బ్లమ్లీన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు స్టీరియోకి పేటెంటు దరఖాస్తు పెట్టినప్పుడు గడపల గురించి ఆలోచించలేదు. రెండు స్పీకర్లూ, వినేవాడూ కలిసి సమబాహు త్రిభుజంలో ఉండాలని శాస్త్రం. మన పాత వీధుల్లో ఉన్నవేమో రెండు పక్కలా ఉమ్మడి గోడలతో, వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం కనిపించే రైలుపెట్టె ఇళ్లు. మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు టేపు పెట్టి కొలిచారు. స్పీకరు పెట్టెల మధ్య ఆరడుగులు వదిలితే, త్రిభుజం కొన కచ్చితంగా ముందుగదికీ నడిమిగదికీ మధ్య గడప మీద పడింది. ఆయన అక్కడ పీట వేసుక్కూర్చున్నారు.

"గడప మీద కూకుంటే ఇంటికి దరిద్రం నాయనా" అంది వాళ్లమ్మ.

"ఇది స్వీట్ స్పాట్ అమ్మా."

"స్వీటైనా హాటైనా లెగు ముందు. కోడలు అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డాది."

తల ఒక్క అడుగు పక్కకి జరిగిందా, రెండు పెట్టెల నడుమ నిలబడి పాడాల్సిన గాయని చటుక్కున దగ్గరి పెట్టెలోకి దూరిపోతుంది. అందువల్ల స్టీరియోని సరిగా వినగలిగే మనిషి ఇంట్లో ఒక్కడే. తక్కిన కుటుంబానికి దక్కేది ఏదో ఒక పక్కే. ఉమ్మడి కుటుంబాలు ఎందుకు విచ్ఛిన్నమయ్యాయో పరిశోధించేవాళ్లు భూమి తగాదాలు వదిలి ఈ కోణంలో చూడాలి. పెళ్లి ఊరేగింపులో ట్రాక్టరు మీద పేర్చిన సౌండు బాక్సుల్ని చూడండి. త్రిభుజం లేదు, పీట లేదు, గడప అడ్డం లేదు. ఎడమ కుడి తేడా లేకుండా వీధి మొత్తానికి, పాలు తాగే పిల్లాడి దగ్గర్నుంచి మంచం పట్టిన ముసలాయన దాకా, గుండెల మీద సమానంగా కొడుతుంది. అది ప్రజాస్వామ్యం. మనది ఒక్క పీట రాజ్యం.

చివరిగా రేడియో. జపాన్‌లో అక్కడివాళ్ల కోసం చేసిన పాత సెట్టు ఎవరైనా చవగ్గా ఇచ్చారంటే రెండు తంటాలు వెంట తెచ్చుకున్నట్టే. ఒకటి, అది వంద ఓల్టులది. మన 230లో నేరుగా పెడితే ఒక్కసారే పాడుతుంది, అది కూడా పొగ. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. రెండోది దానికంటే ఘోరం. దాని ఎఫ్ఎం డయలు 76 నుంచి 90 మెగాహెర్ట్‌జ్ దాకే. మన దేశంలో ఎఫ్ఎం 108 దాకా పరుచుకుని ఉంటుంది. సూది 90 దగ్గరికి వచ్చి గోడకి గుద్దుకుని ఆగిపోతుంది. పచ్చ దీపం వెలుగుతుంది, మీటరు ముల్లు ఊగుతుంది, వినపడేది బుస్సుమనే గాలి. ఆ గాలిని కూడా "ఎంత శుభ్రంగా ఉందో" అని మెచ్చుకుంటారు.

రిసీవరు 90 దాటి పైకి రాలేదని తేలింది గనక, ఆకాశవాణే కిందికి దిగి రావాలని మా మొదటి డిమాండు. నూటికి పైన స్టేషన్లు పెట్టుకోవడంలో అహంకారం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. రెండోది, ఫిలమెంటు బల్బులకి రేషన్ కార్డు మీద కోటా. మూడోది, కొత్తగా కట్టే ఇళ్లకి ప్లాను మంజూరు చేసేటప్పుడు గడప ఎక్కడ పడుతుందో లెక్కల మాస్టారి చేత ధ్రువీకరణ.

1936 ఏప్రిల్ 1 నుంచీ మా ఊరు ఒడిశాలో ఉంది గనక వినతిపత్రం ఎడమ పక్క ఒడియాలో, కుడి పక్క తెలుగులో తయారుచేశాం. బ్యాలెన్సు నాబు మధ్యలోనే ఉంది, ఎవరూ గొడవపడనక్కర్లేదు. సంతకాలు సేకరించే కుర్రాళ్లకి ఒక్క మాట. సాయంత్రాలు ఈ ఇళ్లకి వెళ్లి ఎంతసేపు తలుపు కొట్టినా లాభం లేదు. కరెంటు పోయేదాకా వీధిలో ఆగి, పోయిన వెంటనే కొట్టండి.